ఆ డిన్నర్ ధర ఎవరి ప్లేటు చూసి కట్టారు? డిస్నీ వరల్డ్‌లో ఖరీదైన భోజనం బుక్ చేసే ముందు

బీస్ట్ కోటలో డిన్నర్ బుక్ చేశామని ఎవరితోనైనా చెప్పి చూడండి. సగం మంది “అబ్బ, దొరికిందా!” అంటారు. మిగతా సగం “ఆ రేటుకా?” అని పెదవి విరుస్తారు. ఇద్దరూ అదే హాల్లో కూర్చుని అదే మెనూలోంచి తిని వచ్చినవాళ్లే. ఈ గొడవ 2018 జులై 27 నుంచీ నడుస్తోంది.

ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి వెళ్లినవాళ్లకి ‘బీ అవర్ గెస్ట్’ తెలియకుండా ఉండదు. మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో, ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ సినిమాలోని బెల్, బీస్ట్ కథలోని కోటలా కట్టిన రెస్టారెంట్. 2012 చివర్లో తెరిచారు. మూడు హాళ్లు. పెద్ద బాల్‌రూమ్‌లో కూర్చుంటే, బయట ఫ్లోరిడా ఎండ మాడ్చేస్తున్నా, కిటికీల అవతల మంచు కురుస్తూనే ఉంటుంది. వెస్ట్ వింగ్ అనే హాలు కావాలనే చీకటిగా ఉంచారు. గాజు కింద గులాబీ, ఉండుండి ఉరుము. చిన్నపిల్లలు కొందరు అక్కడ జడుసుకుంటారు, అది ముందే తెలుసుకోవడం మంచిది. 1971లో తెరిచిన నాటి నుంచీ మందు చుక్క దొరకని ఆ పార్కులో మామూలు జనానికి మొదటిసారి వైన్, బీరు పోసింది కూడా ఇక్కడే.

మొదట్లో అక్కడ మధ్యాహ్నం మిషన్ మీద ఆర్డరిచ్చి తినే తేలికపాటి భోజనం ఉండేది. రాత్రికి మాత్రం సర్వర్ వచ్చేవాడు, ఎవరికి కావలసింది వాళ్లు చెప్పుకునేవాళ్లు, ఎవరి వంటకం ధర వాళ్లది. 2018 జులైలో రాత్రి మెనూ మొత్తం మార్చేశారు. ముందు ఒకటి, తర్వాత అసలు వంటకం, ఆఖర్న స్వీటు, ఇలా మూడు కోర్సులు. ఏం తిన్నా పెద్దవాళ్లకి తలకి 55 డాలర్లు, పిల్లలకి 35. ప్రీ ఫిక్స్ అంటారు దీన్ని. ఫిలే మిన్యాన్ (మెత్తటి గొడ్డుమాంసం ముక్క), ఎస్కార్గో (నత్తలు) లాంటి పేర్లతో మెనూ బాగా బరువెక్కింది. ముందే డబ్బు కట్టి డైనింగ్ ప్లాన్ తీసుకున్నవాళ్లకి ఒక భోజనం కింద పోయేది కాస్తా రెండు భోజనాల కింద పోవడం మొదలైంది. 2020లో మళ్లీ తెరిచాక మధ్యాహ్నం కూడా ఇదే పద్ధతి పెట్టారు. ధర కూడా 60 దాటింది.

నచ్చినవాళ్లు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. మాంసం నాణ్యత పెరిగిందన్నారు. స్వీట్లలో సినిమా పాటతో ప్రసిద్ధమైన ‘గ్రే స్టఫ్’ అనే బూడిద రంగు క్రీము వచ్చేస్తుంది, దానికి విడిగా కట్టక్కర్లేదు. బీస్ట్‌ని దగ్గర నుంచి చూసే చోటు అది. (బెల్ కోసం వెళ్తే మాత్రం పాప ఏడుస్తుంది. ఆవిడ ఇక్కడ కనబడదు.) నచ్చనివాళ్ల మాటా నిజమే. పొద్దుట్నుంచీ పాప్‌కార్న్, ఐస్‌క్రీమ్ తిని అలిసిపోయి వచ్చిన మనిషికి మూడు కోర్సులు ఎందుకు? ఒక సూపు, కాసిన్ని ఫ్రైస్ చాలు అనుకునేవాడికి ఆ దారే లేకుండా పోయింది.

తిండి బాగుందా లేదా అని వాదించుకుంటూ ఉంటే ఈ పంచాయితీ తేలదు. విడివిడి ధరల మెనూలో కూరగాయల వంటకం రేటు సాధారణంగా గొడ్డుమాంసం రేటు కంటే బాగా తక్కువే. తలకింత అని కట్టినప్పుడు ఆ తేడా మాయమైపోతుంది. ఆ ‘ఇంత’ని మెనూలో అన్నిటికంటే ఖరీదైన ప్లేటుని, అంటే ఫిలే మిన్యాన్‌ని, దృష్టిలో పెట్టుకుని కడతారని నా అంచనా. కాబట్టి ఫిలే తినేవాడికి అది న్యాయమైన బేరం. ఆ పక్కనే కూరగాయల ప్లేటు ముందేసుకున్న మనిషి, వాడి ఫిలేకి తనూ ఓ చెయ్యి వేస్తున్నట్టే. మన ఇళ్లలోంచి వెళ్లే ఆరుగురిలో ఆ ఫిలే తినేది ఎంతమంది? ఒకరు, మహా అయితే ఇద్దరు. మనవాళ్లలో ఈ డిన్నర్ల మీద అంత అసంతృప్తి ఉండటానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం.

నాకిది తెలిసొచ్చింది ఓ పార్కులోనే. పేరెందుకులెండి. తలకింత అని కట్టిన చోటే. మా అత్తగారు శాకాహారి, మావయ్యగారు చికెన్ వరకే. నలుగురు పెద్దవాళ్లం, ఇద్దరు పిల్లలు. సర్వర్ తెచ్చిన మెనూలో వంటకాల పక్కన అంకెలు లేవు. మావయ్యగారు కళ్లజోడు సర్దుకుని రెండు వైపులా తిప్పి చూసి, “ధరలు రాయడం మర్చిపోయారమ్మా వీళ్లు” అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. అత్తగారికి వచ్చింది వంకాయ, గుమ్మడికాయ ముక్కలు, కింద కాస్త ధాన్యమేదో. రుచిగానే ఉందన్నారు. బయటికొచ్చాక వాళ్లబ్బాయి నోరు జారి లెక్క చెప్పేశాడు. “నా వంకాయకీ నీ మాంసానికీ ఒకటే రేటుట్రా?” అని ఆవిడ అక్కడే ఆగిపోయారు. ఆ రాత్రి పేల్చిన బాణసంచా కంటే మా పిల్లలకి ఆ మాటే ఎక్కువ గుర్తుంది.

లెక్క కూడా ఒకసారి చూద్దాం. 2018 నాటి ధరే తీసుకుంటాను, అంకెలు గుండ్రంగా వస్తాయి కాబట్టి. నలుగురు పెద్దలు, పన్నెండేళ్ల పిల్ల, ఆరేళ్ల బాబు. పన్నెండేళ్ల పిల్ల పిల్ల కాదు. డిస్నీ లెక్కలో 3 నుంచి 9 ఏళ్ల వరకే పిల్లలు, పదో పుట్టినరోజు దాటితే పెద్దవాళ్ల టికెట్టు, పెద్దవాళ్ల ప్లేటు. అంటే ఐదుగురికి 55 చొప్పున 275, బాబుకి 35, మొత్తం 310. దాని మీద డిస్నీ వరల్డ్ ఉన్న ఆరెంజ్ కౌంటీ అమ్మకం పన్ను ఆరున్నర శాతం, అంటే 20 డాలర్ల చిల్లర. ఆరుగురు, అంతకు మించి కూర్చుంటే 18 శాతం టిప్ వాళ్లే బిల్లులో వేసేస్తారు, అదో 56. చేతిలోంచి వెళ్లేది 386. పార్కు టికెట్లు ఇందులో లేవు. ఆ టికెట్టు లేకుండా కోట గుమ్మం దాకా కూడా వెళ్లలేం. ఇప్పటి ధరతో లెక్క వేసుకుంటే ఇంకా పెరుగుతుంది. బుక్ చేసే రోజు డిస్నీ సైట్‌లో మెనూ, ధర రెండూ ఉంటాయి, అది చూసి వేసుకోండి.

మరి ఏది ఎంచుకోవాలి? ఏం కొనడానికి వెళ్తున్నారో ముందు తేల్చుకోండి: ఆ గదినా, తిండినా, కాళ్లకి కాసేపు విశ్రాంతినా?

గదే కావాలంటే

ఆరేళ్ల పిల్లకి ఆ బాల్‌రూమ్ చూడటమే పండగ అయినప్పుడు బీ అవర్ గెస్ట్‌కి వంక పెట్టక్కర్లేదు. అక్కడ కట్టే డబ్బులో సగం ఆ పైకప్పుకీ, ఆ మంచుకీ అనుకుంటే మనసుకి హాయి. సిండ్రెల్లా కోట లోపలి రాయల్ టేబుల్ కూడా ఇదే జాతి. అక్కడ సిండ్రెల్లా పలకరిస్తుంది, ధర ఇంకా ఎక్కువ. రాకుమార్తెల పిచ్చి ఉన్న పాప లేకపోతే దాని జోలికి పోకండి.

ఎప్‌కాట్ అనే ఇంకో డిస్నీ పార్కులోని ‘స్పేస్ 220’ సంగతి కొంచెం వేరు. 2021 సెప్టెంబర్‌లో తెరిచారు. లిఫ్ట్ ఎక్కినట్టే ఎక్కిస్తారు, కాళ్ల కింద భూమి చిన్నదైపోతుంది, తలుపు తెరుచుకుంటే 220 మైళ్ల ఎత్తున అంతరిక్షంలో ఉన్నట్టు పెద్ద కిటికీ. తెరిచినప్పుడు డిన్నర్ మూడు కోర్సులకి 79 డాలర్లు, మధ్యాహ్నం రెండు కోర్సులకి 55. అంటే అదే కిటికీ మధ్యాహ్నం 24 డాలర్లు తక్కువకి వచ్చేది. అంతరిక్షంలో పగలేమిటి, రాత్రేమిటి! దీనికి డిన్నర్ తీసుకోవడంలో నాకైతే అర్థం కనబడదు. అదే హాలుకి ఆనుకుని లౌంజ్ ఉంది, అక్కడ విడివిడి ధరలు. కూరగాయలు తినేవాళ్లు ఎక్కువున్న కుటుంబానికి నా ఓటు ఆ లౌంజ్‌కే. కిటికీ అదే, నచ్చిన రెండు చిన్న ప్లేట్లు చెప్పుకుని లేచి రావచ్చు.

తిండే కావాలంటే

అప్పుడు పార్కు గేటు దాటి బయటికి రండి. డిస్నీ హోటళ్లలోని రెస్టారెంట్లకి పార్కు టికెట్టు అక్కర్లేదన్న సంగతి చాలామందికి తట్టదు. మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి పది నిమిషాలు నడిస్తే కాంటెంపరరీ హోటల్, దాని పైఅంతస్తులో కాలిఫోర్నియా గ్రిల్. 2021లో ఇది కూడా మూడు కోర్సులకి 89 డాలర్లన్న పద్ధతిలోకి వెళ్లింది. బీ అవర్ గెస్ట్ కంటే ఖరీదే, కానీ ఇక్కడ వంటకీ, పైనుంచి కనబడే కోటకీ, బాణసంచాకీ కలిపి కడుతున్నాం. ముందుగా తినేసి వెళ్లినా, బాణసంచా వేళకి రశీదు చూపించి మళ్లీ పైకి రానిచ్చే అలవాటు చాలా ఏళ్లుగా ఉంది. టేబుల్ దగ్గరే అడిగి ఖాయం చేసుకోండి.

అంతకంటే పైమెట్టు గ్రాండ్ ఫ్లోరిడియన్ హోటల్లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్. 2024లో దానికి మిషెలిన్ స్టార్, అంటే గొప్ప వంటకి ఇచ్చే పేరున్న గుర్తింపు, వచ్చింది. 2022లో తిరిగి తెరిచినప్పుడే తలకి 295 డాలర్లు. పదేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు, బట్టల విషయంలో కూడా నియమాలున్నాయి. పెళ్లిరోజుకి అమ్మమ్మ దగ్గర పిల్లల్ని వదిలి వెళ్లే చోటు. రోజంతా రైడ్లెక్కి చెమటతో వెళ్లే చోటు కాదు.

శాకాహారులకి ఈ వరసలో నేను చూసిన ఒకే ఒక్క నిజాయితీ గల లెక్క ఎప్‌కాట్ జపాన్ పెవిలియన్ (ఆ దేశం పేరుతో కట్టిన భాగం) లోని టకుమీ తేయ్‌ది. జపాన్ దుకాణాల సంస్థ మిత్సుకోషి వాళ్లు నడుపుతారు. 2022లో మళ్లీ తెరిచినప్పుడు రెండు భోజనాలు పెట్టారు: మామూలుది 250 డాలర్లు, పూర్తిగా మొక్కల నుంచి వచ్చిన వాటితో చేసింది 150. రెండూ మనలాంటివాళ్లకి గుండె ఆగే అంకెలే. అయినా మాంసం తిననివాళ్ల దగ్గర మాంసం డబ్బు తీసుకోకూడదన్న ఇంగితం వాళ్లకి ఉంది. మిగతావాళ్లు దాన్నే చిన్న ధరల్లో పాటిస్తే మా అత్తగారు ఈపాటికి శాంతించేవారు.

బల్ల మీద తలో రకం తిండి అయితే

మన కుటుంబాల్లో ఎక్కువ ఈ లెక్కలోకే వస్తాయి. వీళ్లకి నా సలహా ఒకటే: విడివిడి ధరలున్న చోటుకే వెళ్లండి. మ్యాజిక్ కింగ్‌డమ్ లోపలే అడ్వెంచర్‌ల్యాండ్‌లో స్కిప్పర్ క్యాంటీన్ ఉంది, 2015 చివర్లో తెరిచారు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా రుచులు. కారం అంటే భయపడని వంట, కూరగాయల వంటకాలు పేరుకి పెట్టినట్టు ఉండవు. పేరులో కోట లేదు కాబట్టి కాస్త తేలిగ్గానే టేబుల్ దొరుకుతుంది. పిల్లలకి హాలు అంత ఆకర్షణగా ఉండకపోవచ్చు. సర్వర్ల జోకులు మాత్రం ఉంటాయి, అవి తెలుగులోకి చెప్పే పని మీ మీద పడుతుంది.

ఎప్‌కాట్ కెనడా పెవిలియన్‌లోని లె సెలియే స్టీక్ హౌస్. విడివిడి ధరలే అయినా స్టీక్ తినేవాళ్లకే దాని గొప్ప. వదిలేయండి.

ఇక సనా. డిస్నీ హోటలైన యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో, కిడానీ విలేజ్ వైపు. 2009 నుంచీ ఉంది. ఆఫ్రికా వంటలు, మన దేశపు రుచులతో కలిపి. దీని గురించి నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, క్షమించాలి. అక్కడ ‘బ్రెడ్ సర్వీస్’ అని ఒకటుంది. నాన్ లాంటి రొట్టెలు బుట్టలో వస్తాయి, వాటి చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో తొమ్మిది రకాల వరకూ నంజుళ్లు. రైతా, కొత్తిమీర చట్నీ, వెల్లుల్లి పచ్చడి, ఎర్ర కారం లాంటివి. నలుగురు పంచుకోవచ్చు. మావయ్యగారు ఆ వెల్లుల్లి పచ్చడి గిన్నెని నెమ్మదిగా తన వైపు జరుపుకుంటూ, మాతో మాట్లాడుతున్నట్టే నటిస్తూ, కిటికీ వైపు చూస్తున్నారు. కిటికీ అవతల గడ్డి మైదానంలో జిరాఫీ ఆకులు తెంపుకుంటోంది. ఇద్దరి నమలడం ఒకే లయలో నడిచింది. మా చిన్నవాడు అది కనిపెట్టి నవ్వాపుకోలేక బల్ల కిందకి దూరాడు. పార్కు టికెట్టు లేదు, తలకింత అని లేదు. ఒక్కటే జాగ్రత్త: ఆ జంతువులు వెలుతురున్నంతసేపే కనిపిస్తాయి. ఏడున్నరకి టేబుల్ దొరికిందని చలికాలంలో సంబరపడితే చీకటిని చూస్తూ తినాలి. సూర్యాస్తమయానికి కనీసం గంటన్నర ముందు కూర్చునేలా చూసుకోండి.

సూపు గురించి ఒక మాట

ఫ్రెంచ్ ఆనియన్ సూప్ అనగానే ‘ఉల్లిపాయే కదా’ అనుకుని శాకాహారులకి చెప్పేస్తాం. సంప్రదాయంగా దాన్ని చేసేది గొడ్డు ఎముకల మరుగుతో. లె సెలియేలో పేరుమోసిన చెడ్డార్ సూపులో బేకన్ పడుతుంది, అంటే పంది. పేరులో మాంసం లేకపోయినంత మాత్రాన గిన్నెలో లేదని కాదు. బుక్ చేసేటప్పుడే తిండి పట్టింపులు రాసే చోట రాయండి, కూర్చున్నాక సర్వర్‌కి మళ్లీ చెప్పండి. ‘వెజిటేరియన్’ అన్న ఒక్క మాటతో ఆపకుండా, మాంసం మరుగు కూడా వద్దు, చేప వద్దు, గుడ్డు పర్వాలేదు అని విడమర్చి చెబితే పని సులువవుతుంది. చాలా చోట్ల చెఫ్ స్వయంగా బయటికొచ్చి మాట్లాడతాడు, మొహమాటపడకండి. తలకింత కట్టే చోట ఇది మరీ ముఖ్యం. మొదటి కోర్సులో తినగలిగింది ఒక్క సలాడే అయితే మూడు కోర్సుల ధరకి రెండున్నర కోర్సులే వచ్చినట్టు. మెనూ ముందే చూసి, ప్రతి మనిషికీ మూడు కోర్సుల్లోనూ తినేది కనీసం ఒక్కటైనా ఉందో లేదో వేళ్ల మీద లెక్కపెట్టండి. ఒక్కరికి కుదరకపోయినా ఆ చోటు మీ బల్లకి కాదు.

కాళ్లకి విశ్రాంతే కావాలంటే

మూడు కోర్సుల డిన్నర్ గంటంపావు నుంచి గంటన్నర దాకా పడుతుంది. చల్లటి గది, కుర్చీ, ఎవరో తెచ్చి పెట్టడం. అరవై దాటినవాళ్లతో వెళ్లినప్పుడు దీని విలువ డాలర్లలో చెప్పలేం. అయితే దీనికోసం ఖరీదైన చోటే అక్కర్లేదు, మధ్యాహ్నం రెండింటికి ఏ మామూలు కూర్చునే రెస్టారెంట్ అయినా సరిపోతుంది. ఎండ పొద్దు తప్పుతుంది కూడా. రాత్రి డిన్నర్‌కి ఆ గంటన్నర ఇస్తే బాణసంచాకి మంచి చోటు పోతుంది. రెండూ కావాలని పరుగెత్తి, సగం స్వీటు వదిలేసి వచ్చినవాళ్లని చాలామందినే చూశాను.

బుకింగ్ గొడవ

60 రోజుల ముందు తెరుస్తారు, తెల్లవారుజామునే, ఫ్లోరిడా టైమ్‌లో. డిస్నీ హోటల్లో దిగేవాళ్లకి చెక్ ఇన్ రోజు నుంచి 60 రోజులు లెక్కేసి, అక్కడుండే రోజులన్నిటికీ, పది రోజుల దాకా, ఒకేసారి బుక్ చేసుకునే వీలుంది. కాబట్టి మీరు బయటి హోటల్లో దిగుతుంటే, ఏ రోజుకి ప్రయత్నించినా కొన్ని టేబుళ్లు వాళ్లు ముందే ఊడ్చేసి ఉంటారు. దొరకలేదని దిగులు పడకండి. చాలా చోట్ల వెళ్లకపోతే తలకి 10 డాలర్లు పట్టుకుంటారు. అందుకే వద్దనుకున్నవాళ్లు గడువు లోపల వదిలేస్తారు. ముందు రోజు రాత్రి ఓసారి, వెళ్లే రోజు పొద్దున్న ఓసారి యాప్ తెరిచి చూస్తే మొండిగా లేదన్న చోట కూడా టేబుల్ కనబడుతుంది. ఆరుగురికి ఒకే టేబుల్ వెతక్కుండా నలుగురికి ఒకటి, ఇద్దరికి ఒకటి వెతికితే ఇంకా త్వరగా దొరుకుతుంది.

ఇద్దరికి ఒకటి అన్న దగ్గరే మాకు వచ్చే డిసెంబర్ ప్లాన్ తేలింది. బీస్ట్ కోటకి నేనూ, మా చిన్నవాడూ మాత్రమే వెళ్తాం. నేను ఫిలే తింటాను, వాడు మంచు చూస్తాడు, ఇద్దరి డబ్బూ గిట్టుబాటే. అదే సాయంత్రం మా ఆయన, పెద్దమ్మాయి అత్తగారినీ మావయ్యగారినీ తీసుకుని సనాకి వెళ్తారు. మావయ్యగారు ఇప్పటికే రెండుసార్లు అడిగారు, సూర్యాస్తమయం ఎన్నింటికమ్మా అని.